ప్లస్ టూ సైకాలజీ: పాఠం ఎలా చదవాలి, ప్రయోగం ఎలా చెయ్యాలి, పేపర్ ఎలా రాయాలి

సైకాలజీ పుస్తకం మొదటిసారి తెరిచినప్పుడు ఎవరికీ భయం వెయ్యదు. ఫిజిక్స్‌లోలా లెక్కలుండవు, కెమిస్ట్రీలోలా సమీకరణాలుండవు. జ్ఞాపకం, ప్రేరణ, ఒత్తిడి, వ్యక్తిత్వం అన్నీ ఇంట్లో రోజూ వినే మాటలే. చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది. మాట తెలుసు కాబట్టి విషయం కూడా తెలుసనుకుని, పరీక్షలో సొంత అభిప్రాయం రాసి వచ్చేస్తారు. ఆరు మార్కుల ప్రశ్నకు రెండు పేజీలు నింపి రెండు మార్కులు తెచ్చుకునేది ఇలాగే. ఈ సబ్జెక్టులో ప్రతి మాటకూ ఒక కచ్చితమైన హద్దు ఉంది. ఆ హద్దు ఎక్కడుందో పట్టుకోవడమే అసలు చదువు. కింద చెప్పే పద్ధతులన్నీ దానికోసమే.

తీసుకునే ముందు

మన జూనియర్ కాలేజీల్లో ఎక్కడ చూసినా ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, ఎంఈసీ, హెచ్‌ఈసీ గ్రూపులే కనిపిస్తాయి. కాబట్టి తెలుగు పిల్లల్లో సైకాలజీ చదివేవాళ్లు ఎక్కువగా సీబీఎస్ఈ బడుల్లోనే ఉంటారు. అక్కడ దాని కోడ్ 037. బడికి రోజూ వెళ్లే వీలులేనివాళ్లకు ఓపెన్ స్కూల్, అంటే ఎన్‌ఐఓఎస్, సీనియర్ సెకండరీలో 328 కోడ్‌తో ఇదే సబ్జెక్టు ఇస్తోంది. రెండింటి సిలబస్ ఒకటి కాదు, పుస్తకాలూ వేరు. ఒకదాని నోట్సుతో ఇంకోదానికి చదవకండి. ఈ వ్యాసంలో చెప్పేది సీబీఎస్ఈ గురించి.

ఇంకో సంగతి ఇంట్లో ముందే తేల్చుకోవాలి. సైకియాట్రిస్ట్ అవుదామనుకునే పిల్లలు సైకాలజీ ఒక్కదాన్నే నమ్ముకుంటే దారి తప్పుతారు. సైకియాట్రిస్ట్ అంటే డాక్టరు. నీట్ రాయాలి, ఎంబీబీఎస్ చెయ్యాలి, ఆ పైన ఎండీ. కాబట్టి ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ తప్పవు. సీబీఎస్ఈలో ఆ మూడింటి పక్కన సైకాలజీని కూడా పెట్టుకోవచ్చు, బడి ఆ కలయిక ఇస్తోందా లేదా కనుక్కోండి. క్లినికల్ సైకాలజిస్ట్ దారి వేరు: డిగ్రీ, ఆపై చదువు, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కోర్సు, అక్కడ రిజిస్ట్రేషన్. ఇక బీఏలో సైకాలజీ చేరడానికి ప్లస్ టూలో సైకాలజీ ఉండి తీరాలన్న నియమం చాలా యూనివర్సిటీల్లో లేదు. తీసుకోలేకపోయామని కుంగిపోనక్కరలేదు.

పుస్తకం, మార్కులు

ఆధారం ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం. అన్నలూ అక్కలూ వాడిన పాత పుస్తకం చేతికొస్తే ముందు విషయసూచిక చూసుకోండి. 2022లో పాఠాలు తగ్గించారు. పన్నెండో తరగతిలో తొమ్మిది అధ్యాయాలు ఏడయ్యాయి. పర్యావరణం, పేదరికం, హింస గురించి చెప్పే ఎనిమిదో అధ్యాయం, కౌన్సెలింగ్ నైపుణ్యాల తొమ్మిదో అధ్యాయం పోయాయి. పదకొండులో మెదడు, నాడీవ్యవస్థ, గ్రంథుల గురించిన మూడో అధ్యాయం పోయి ఎనిమిది మిగిలాయి. పాత పుస్తకంతో చదివేవాళ్లు ఈ పోయిన పాఠాల మీద వారాలు ఖర్చు పెట్టేస్తుంటారు. మిగిలిన అధ్యాయాల లోపల కూడా అక్కడక్కడ కోతలున్నాయి, కాబట్టి ఆ ఏటి సిలబస్ కాగితాన్ని సీబీఎస్ఈ అకడమిక్ వెబ్‌సైట్ నుంచి దించుకుని, పుస్తకంలో పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకోవడం మొదటి పని.

థియరీకి 70, ప్రాక్టికల్‌కి 30. పన్నెండో తరగతి 70లో ప్రజ్ఞ, సామర్థ్యాల గురించిన మొదటి అధ్యాయానికి 13, వ్యక్తిత్వానికి 13, మానసిక రుగ్మతలకు 12. ఈ మూడే 38. ఒత్తిడిని ఎదుర్కోవడం, చికిత్సా విధానాలు తొమ్మిదేసి, వైఖరులు 8, సమూహాలు 6. అందరూ ఇష్టంగా చదివేది రుగ్మతల పాఠం, అందరూ వాయిదా వేసేది మొదటి అధ్యాయం. మార్కులు చూస్తే మొదటిదానికే ఒకటి ఎక్కువ.

తెలుగు మీడియంలో పదో తరగతి వరకు చదివి వచ్చినవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. టెట్, డీఎస్సీకి చదివేవాళ్ల పుస్తకాల్లో సైకాలజీ మాటలకు స్థిరపడిన తెలుగు ఉంది: రీయిన్‌ఫోర్స్‌మెంట్‌కి పునర్బలనం, క్లాసికల్ కండిషనింగ్‌కి శాస్త్రీయ నిబంధనం, ఆపరెంట్ కండిషనింగ్‌కి కార్యసాధక నిబంధనం, ఇంటెలిజెన్స్‌కి ప్రజ్ఞ, పర్సనాలిటీకి మూర్తిమత్వం, ఆటిట్యూడ్‌కి వైఖరి. అర్థం చేసుకోవడానికి అవి బాగా పనికొస్తాయి. అయితే ఆ పుస్తకాలు టీచరు కావాలనుకునేవాళ్ల కోసం రాసినవి. పిల్లల ఎదుగుదల, బోధన వాటిలో ఎక్కువ, రుగ్మతలు, చికిత్సలు తక్కువ. మాటలు అక్కడ తెచ్చుకోండి, పాఠం మాత్రం ఎన్‌సీఈఆర్‌టీలోనే చదవండి.

ఒక అధ్యాయం చదివే తీరు

పదకొండో తరగతి జ్ఞాపకశక్తి అధ్యాయం చివర పీక్యూఆర్‌ఎస్‌టీ అనే చదివే పద్ధతి ఉంది. థామస్, రాబిన్సన్ చెప్పినది. ప్రివ్యూ, క్వశ్చన్, రీడ్, సెల్ఫ్ రెసిటేషన్, టెస్ట్. పిల్లలు దీన్ని రెండు మార్కుల జవాబుగా బట్టీపట్టి, చదువుకు మాత్రం వాడరు. నిజంగా వాడాలంటే ఇలా.

ముందు పది నిమిషాలు శీర్షికలు, బొమ్మలు, చివరి ప్రశ్నలు చూడండి. తరువాత ప్రతి శీర్షికనూ ప్రశ్నగా మార్చి కాగితం ఎడమవైపు రాయండి. ‘మరచిపోవడానికి కారణాలు’ అని శీర్షిక ఉంటే ‘గుర్తు చెరిగిపోవడం వల్ల మరిచిపోవడానికీ, వేరే సమాచారం అడ్డుపడటం వల్ల మరిచిపోవడానికీ తేడా ఏమిటి?’ అని. అప్పుడు ఆ భాగం ఒక్కటే చదవండి. పుస్తకం మూసి, కాగితం కుడివైపు గుర్తున్నది రాయండి. తెరిచి, తప్పిపోయినదాన్ని వేరే రంగు సిరాతో చేర్చండి. ఆ రంగు అక్షరాలే మీరు రేపు చదవాల్సినవి. మిగతాది మీకు వచ్చేసింది.

ఇక్కడ తొందరపడేవాళ్లు చేసే పొరపాటు, పుస్తకం మూసే మెట్టును వదిలేసి రెండోసారి, మూడోసారి చదవడం. చదివిన కొద్దీ వాక్యాలు పరిచయమైపోయి ‘వచ్చేసింది’ అనిపిస్తుంది. 2006లో రోడిగర్, కార్పికే చేసిన ప్రయోగాల్లో ఇదే బయటపడింది. కొందరు ఒక పాఠ్యభాగాన్ని మళ్లీ మళ్లీ చదివారు, ఇంకొందరు చదివి చూడకుండా గుర్తు తెచ్చుకున్నారు. ఐదు నిమిషాల తరువాత పరీక్షిస్తే మళ్లీ చదివినవాళ్లే మెరుగు. వారం తరువాత పరీక్షిస్తే గుర్తు తెచ్చుకున్నవాళ్లు ముందున్నారు. బోర్డు పరీక్ష ఐదు నిమిషాల తరువాత ఉండదు కదా.

ఒకసారి వచ్చిన అధ్యాయాన్ని మర్నాడు, మూడో రోజు, వారానికి, మూడు వారాలకు ఒకసారి పుస్తకం చూడకుండా రాసి చూసుకోండి. ఒక్కోసారికి పావుగంట చాలు. మరపు మొదట్లోనే వేగంగా ఉంటుందని ఎబ్బింగ్‌హాస్ 1885లోనే చూపించాడు. అందుకే మొదటి రెండు మార్లు దగ్గర దగ్గరగా ఉండాలి.

మాటల పుస్తకం

వంద పేజీల నోటుబుక్కు ఒకటి ఈ సబ్జెక్టులో అన్నిటికన్నా ఎక్కువ మార్కులు తెస్తుంది. ప్రతి పేజీలో మూడు గడులు: బయట ఈ మాటను ఎలా వాడతాం, పుస్తకం దీన్ని ఎలా నిర్వచించింది, నా సొంత ఉదాహరణ. మూడో గడి ఖాళీగా ఉందంటే ఆ మాట ఇంకా రాలేదనే అర్థం.

నెగటివ్ రీయిన్‌ఫోర్స్‌మెంట్ తీసుకోండి. నెగటివ్ అన్న మాట వినగానే శిక్ష అనుకుంటారు, ఏటా ఒక్క మార్కు ప్రశ్న అక్కడ పోతుంది. రీయిన్‌ఫోర్స్‌మెంట్ ఏదైనా సరే, ప్రవర్తన పెరగాలి. నచ్చనిది తొలగిపోవడం వల్లో, తప్పిపోవడం వల్లో పెరిగితే అది నెగటివ్ రీయిన్‌ఫోర్స్‌మెంట్. కారెక్కగానే బీప్ బీప్ మని మోత మొదలవుతుంది, సీటు బెల్టు పెట్టుకోగానే ఆగుతుంది, రెండు రోజులకు మోత రాకముందే చెయ్యి బెల్టు మీదికి పోతుంది. బెల్టు పెట్టుకునే ప్రవర్తన పెరిగింది, మోత పోయింది.

ఇప్పుడు కొంచెం గట్టి ఉదాహరణ. హెల్మెట్ లేకుండా పోతున్నవాడికి చలానా పడింది, ఆ తరువాత హెల్మెట్ లేకుండా పోవడం తగ్గింది. హెల్మెట్ లేకుండా పోవడం అన్న ప్రవర్తన వైపు నుంచి చూస్తే అది శిక్ష. అదే మనిషి చలానా తప్పించుకోవడానికి రోజూ హెల్మెట్ పెట్టుకుంటున్నాడు. హెల్మెట్ పెట్టుకోవడం అన్న ప్రవర్తన వైపు నుంచి చూస్తే అది నెగటివ్ రీయిన్‌ఫోర్స్‌మెంట్. చలానా ఒక్కటే, ఏ ప్రవర్తన గురించి అడుగుతున్నారన్న దాన్నిబట్టి జవాబు మారింది. అందుకని ప్రశ్నలో ముందు ప్రవర్తన ఏదో గీత గీసుకోండి. అది పెరిగిందా తగ్గిందా చూడండి. ఏదైనా వచ్చి చేరిందా, పోయిందా చూడండి. ఈ వరుసలో అడుగుతూ పోతే తప్పు జరగదు.

ఇలాంటి జంటలు ఇంకా ఉన్నాయి. డెల్యూజన్ అంటే సాక్ష్యం చూపించినా వదలని తప్పుడు నమ్మకం, హాల్యూసినేషన్ అంటే ఎదుట ఏమీ లేకుండానే వినబడటం, కనబడటం. ‘పక్కింటివాళ్లు నా తిండిలో మందు కలుపుతున్నారు’ అన్నది మొదటిది, ఖాళీ గదిలో తిట్లు వినబడటం రెండోది. అబ్సెషన్ తలలో తిరిగే ఆలోచన, కంపల్షన్ చేతులు చేసే పని. ప్రెజుడిస్ మనసులో ఉండే వైఖరి, డిస్క్రిమినేషన్ బయటికి కనిపించే ప్రవర్తన. కన్ఫార్మిటీలో ఎవరూ నోరు తెరిచి అడగరు, కంప్లయెన్స్‌లో అడుగుతారు, ఒబీడియన్స్‌లో అధికారం ఉన్నవాళ్లు ఆజ్ఞాపిస్తారు. ప్రైమరీ అప్రైజల్ అంటే ‘ఇది నాకు ముప్పా?’ అని తూచుకోవడం, సెకండరీ అంటే ‘దీన్ని తట్టుకోవడానికి నా దగ్గర ఏముంది?’ అని లెక్కేసుకోవడం.

పేర్ల విషయానికొస్తే, ఏళ్లు బట్టీపట్టడం కన్నా పేరుకూ సిద్ధాంతానికీ ముడి గట్టిగా పడాలి. ప్రజ్ఞ అధ్యాయానికి ఒకే కాగితం మీద వరుసగా రాసుకోండి: స్పియర్‌మన్ జీ (సాధారణ), ఎస్ (ప్రత్యేక) అని రెండు కారకాలు, థర్‌స్టన్ ఏడు ప్రాథమిక సామర్థ్యాలు, గార్డ్‌నర్ ఎనిమిది రకాల ప్రజ్ఞ, స్టెర్న్‌బర్గ్ మూడు, దాస్, నాగ్లియరీ, కిర్బీల పాస్ నమూనా. ఒడిశాలో పుట్టిన జె.పి. దాస్ పేరు మీద ఉన్న ఆ నమూనాలో ప్లానింగ్, అటెన్షన్, సైమల్టేనియస్, సక్సెసివ్ అని నాలుగు మాటలు. ఏకకాల ప్రక్రియకు, వరుస ప్రక్రియకు ఉదాహరణ రాయకుండా వదిలేసేవాళ్లే ఎక్కువ. ముగ్గులో చుక్కలన్నిటినీ ఒక్కచూపులో కలిపి మొత్తం ఆకారం పట్టుకోవడం మొదటిది, ఎక్కాలను ఒకదాని తరువాత ఒకటి అప్పజెప్పడం రెండోది.

ఒక ప్రయోగం, మొదటి నుంచి చివరి దాకా

పదకొండో తరగతిలో ప్రయోగాలను రికార్డు నింపే పనిగా చూడటం పెద్ద నష్టం. ఒక్క ప్రయోగం శ్రద్ధగా చేస్తే పరిశోధనా పద్ధతుల అధ్యాయం సగం దానంతటదే వచ్చేస్తుంది. చేతిలో ఖర్చు లేకుండా చెయ్యగలిగినది సీరియల్ పొజిషన్ ప్రయోగం: వరుసలో మొదటి మాటలు, చివరి మాటలు మధ్యవాటికన్నా బాగా గుర్తుంటాయా?

పదిహేను మాటలు కావాలి. అన్నీ రెండు మూడు అక్షరాల తెలుగు నామవాచకాలు. ఉదాహరణకు: గొడుగు, పలక, నెమలి, తాడు, బొగ్గు, గంట, సంత, వేణువు, దిండు, కంచె, మబ్బు, సబ్బు, కోట, గింజ, పటం. ఒకే జాతి మాటలు రెండు రానివ్వకూడదు. కాకి, నెమలి రెండూ ఉంటే ఒకటి గుర్తొచ్చి రెండోదాన్ని లాక్కొస్తుంది. ఈ జాబితాలోనే ఒక లోపం ఉంది చూడండి: మబ్బు, సబ్బు పక్కపక్కన ప్రాస కలిశాయి. ఆ రెండూ తమ స్థానం వల్ల కాక ధ్వని వల్ల గుర్తుంటాయి. సబ్బు తీసేసి ‘చీపురు’ పెట్టండి. జాబితా తయారయ్యాక ఇలా ఒకసారి పైకి చదివి చూసుకోవాలి. పెళ్లి, చావు, దెయ్యం లాంటి మనసును కదిలించే మాటలూ, క్లాసులో ఎవరి ఇంటిపేరుకైనా దగ్గరగా ఉన్న మాటలూ వద్దు.

పదిమందిని పిలవండి, ఒకరి తరువాత ఒకరు, మిగతావాళ్లకు వినబడని గదిలో. సూచనలు అందరికీ అక్షరం మారకుండా చదవాలి: ‘కొన్ని మాటలు చదువుతాను. నేను ఆపేయగానే గుర్తున్నవన్నీ ఏ వరుసలోనైనా రాయండి.’ సెకన్ల ముల్లు చూస్తూ రెండు సెకన్లకో మాట, మొత్తం ముప్పై సెకన్లు. చివరి మాట దగ్గర గొంతు దించకూడదు. మామూలుగా వాక్యం ముగుస్తున్నట్టు అందరమూ దించేస్తాం, దాంతో చివరి మాటకు ప్రత్యేక గుర్తు పడుతుంది. రాయడానికి రెండు నిమిషాలు.

పట్టికలో పదిహేను వరుసలు. ఒక్కో స్థానంలో ఉన్న మాటను పదిమందిలో ఎంతమంది రాశారో లెక్కపెట్టి పదితో గుణిస్తే శాతం వస్తుంది. గ్రాఫులో అడ్డంగా స్థానం, నిలువుగా శాతం. ఒక్క మనిషి ఫలితం గీస్తే ముళ్లకంపలా ఉంటుంది, దాన్ని చూసి ప్రయోగం తప్పిందనుకుంటారు. పదిమంది సగటులోనే రెండు చివరలూ లేచి మధ్య దిగిన వంపు కనిపిస్తుంది. అప్పటికీ గతుకులుంటే మొదటి ఐదు, మధ్య ఐదు, చివరి ఐదు అని మూడు భాగాల సగటు తీసి పోల్చండి. వచ్చిన ఫలితమే రాయండి. గీత అందంగా రావడానికి అంకెలు దిద్దితే వైవాలో ‘మూడో మాట ఎందుకు పడిపోయింది?’ అన్న ప్రశ్నకు చెప్పడానికి ఏమీ ఉండదు. దిద్దకపోతే చెప్పడానికి బోలెడు ఉంటుంది.

ఇక్కడితో ఆపకుండా ఇంకో మెట్టు ఎక్కండి. కొత్త జాబితా తీసుకుని, అది చదవగానే రాయనివ్వకుండా 487 లాంటి సంఖ్య ఇచ్చి ముప్పై సెకన్ల పాటు మూడేసి తగ్గిస్తూ పైకి లెక్కపెట్టించండి. ఆ తరువాత రాయించండి. మొదటి మాటల లాభం నిలుస్తుంది, చివరి మాటల లాభం చాలావరకు పోతుంది. గ్లాంజర్, క్యూనిట్జ్ 1966లో చూపించింది ఇదే. చివరి మాటలు తాత్కాలిక జ్ఞాపకంలో ఉన్నాయి, లెక్క వాటిని నెట్టేసింది. మొదటి మాటలు మనసులో మళ్లీ మళ్లీ అనుకున్నందువల్ల అప్పటికే దీర్ఘకాలిక జ్ఞాపకానికి చేరాయి. అట్కిన్సన్, షిఫ్రిన్‌ల జ్ఞాపకపు అంచెల నమూనా పుస్తకంలో డబ్బాలూ బాణాలుగా ఉంటుంది. ఈ రెండు గ్రాఫులు పక్కపక్కన పెడితే ఆ డబ్బాలకు అర్థం వస్తుంది. ఒకటి మరవద్దు: ఐదుగురికి లెక్కలేని పద్ధతి ముందు, ఐదుగురికి లెక్క ఉన్న పద్ధతి ముందు పెట్టాలి. అందరికీ ఒకే వరుస పెడితే రెండోదాంట్లో తగ్గింది లెక్క వల్లా, అలసట వల్లా తేల్చలేం.

రుగ్మతల పాఠం

ఈ అధ్యాయం చదువుతుంటే ప్రతి లక్షణం తనలోనే ఉన్నట్టు అనిపిస్తుంది. ఇది చాలామందికి జరిగేదే. అసాధారణం అనడానికి పుస్తకం నాలుగు గుర్తులు చెబుతుంది: మామూలు తీరుకు భిన్నంగా ఉండటం, బాధ కలిగించడం, రోజువారీ పనికి అడ్డు రావడం, తనకో ఇతరులకో ప్రమాదం తేవడం. పరీక్ష ముందు రోజు నిద్రపట్టకపోవడం, స్నేహితురాలితో మాట పడి రెండు రోజులు దిగులుగా ఉండటం రుగ్మతలు కావు. రుగ్మతలకు కాలపరిమితులూ, తీవ్రతా ఉంటాయి, వాటిని శిక్షణ పొందినవాళ్లు నిర్ధారిస్తారు. ‘నాకు ఓసీడీ, చెప్పులు వరుసగా లేకపోతే తోచదు’ అని క్లాసులో అనే అలవాటు మానుకోండి. నిజంగా ఆ బాధ పడుతున్నవాళ్లు పక్క బెంచీలోనే ఉండొచ్చు.

చదువుతుండగా మీకో, మీవాళ్లకో నిజంగానే సాయం అవసరమనిపిస్తే 14416కి ఫోన్ చెయ్యండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులో మాట్లాడొచ్చు.

చదివే తీరులో ఒక మెళకువ: ఒక్కో రుగ్మతనూ దాని చికిత్సతో కలిపి చదవండి. ఫోబియా చదివిన రోజే ఐదో అధ్యాయంలోని సిస్టమాటిక్ డీసెన్సిటైజేషన్ చదివితే, భయాల మెట్లు పేర్చడం, ఒళ్లు వదులు చేసుకోవడం, చిన్న భయం నుంచి పెద్దదానికి ఎక్కడం ఎందుకో తేలిగ్గా ఎక్కుతుంది. డిప్రెషన్‌తో ఆరన్ బెక్ చికిత్స, అహేతుకమైన నమ్మకాలతో ఆల్బర్ట్ ఎల్లిస్ చికిత్స అలాగే.

ప్రాక్టికల్‌కి ముప్పై

పన్నెండో తరగతిలో ఐదు మనోవైజ్ఞానిక పరీక్షలు చేసి రికార్డు రాయాలి, ఒక వ్యక్తి గురించి కేస్ ప్రొఫైల్ తయారుచెయ్యాలి. పరీక్ష రోజు రెండు పరీక్షలు చేసి చూపాలి. రికార్డు, కేస్ ప్రొఫైల్‌కి కలిపి 10, వైవాకి 5, రెండు ప్రాక్టికల్స్‌కి 15. ఆ పదిహేనులో చేసిన తీరుకు ఐదే, రిపోర్టుకు పది. అంటే చెయ్యడంకన్నా రాయడానికి రెట్టింపు.

మార్కులు ఎక్కువగా పోయేది స్కోరుకు అర్థం చెప్పేచోట. ప్రజ్ఞను కొలిచే రావెన్ స్టాండర్డ్ ప్రోగ్రెసివ్ మాట్రిసెస్‌లో ఏ నుంచి ఈ దాకా ఐదు సెట్లు, సెట్టుకు పన్నెండు, మొత్తం 60 బొమ్మలు. ఒకరికి 44 సరిగ్గా వచ్చాయనుకోండి. ‘ఐక్యూ 44’ అనీ, ‘73 శాతం తెలివి’ అనీ రాసేవాళ్లున్నారు. రెండూ తప్పే. 44 ముడి స్కోరు మాత్రమే. మాన్యువల్లో ఆ వయసు పట్టిక తెరిచి పర్సంటైల్ చూడాలి. పర్సంటైల్ ఏమిటో తెలుగు ఇళ్లకు జేఈఈ మెయిన్ నేర్పేసింది: 80 పర్సంటైల్ అంటే ఎనభై మార్కులు వచ్చాయని కాదు, వందలో దాదాపు ఎనభైమందికన్నా తక్కువ కాని స్కోరని. ఆ పర్సంటైల్‌ను బట్టి గ్రేడు: 95, ఆపైన ఉంటే మొదటిది, 75 నుంచి రెండోది, 25కీ 75కీ మధ్య మూడోది, 25, ఆ కింద నాలుగోది, 5, ఆ కింద ఐదోది. పదహారేళ్ల మనిషికి పన్నెండేళ్ల పట్టిక చూస్తే గ్రేడు మారిపోతుంది, కాబట్టి పుట్టినతేదీ అడిగి వయసు లెక్కగట్టి రిపోర్టులో రాయండి.

ఒత్తిడిని ఎదుర్కొనే తీరును కొలిచే ఎండ్లర్, పార్కర్ ప్రశ్నావళిది ఇంకో రకం చిక్కు. 48 వాక్యాలు, ఒక్కోదానికి 1 నుంచి 5. పనిమీద దృష్టి, ఉద్వేగం మీద దృష్టి, తప్పించుకోవడం అని మూడు స్కేళ్లు, ఒక్కోదానికి 16 వాక్యాలు. అంటే ఒక్కో స్కేలులో స్కోరు 16కీ 80కీ మధ్యే ఉండాలి. 80 దాటిందంటే కూడికలో తప్పు. మూడింటినీ కలిపి మొత్తం వేసేవాళ్లున్నారు. ఆ మొత్తానికి అర్థం లేదు, మూడు వేర్వేరు తీరులను కలిపేశారు.

పరీక్ష చేయించే మనిషితో ముందు రెండు మూడు నిమిషాలు మామూలు మాటలు మాట్లాడండి, కుదురుకుంటారు. ఇది మార్కుల పరీక్ష కాదనీ, ఫలితం ఎవరికీ చెప్పమనీ చెప్పండి. ప్రశ్న అర్థం కాలేదంటే మళ్లీ అదే వాక్యం చదవాలి తప్ప సొంత మాటల్లో విడమరచకూడదు, మీ వివరణ జవాబును మార్చేస్తుంది. వాళ్లు వేళ్లు విరుచుకున్నారా, ఎక్కడ ఆగిపోయారు, ఏ పేజీలో తొందరపడ్డారు అన్నది పక్కన రాసుకోండి, రిపోర్టులో ప్రవర్తన పరిశీలన అన్న భాగానికి అదే ముడిసరుకు. పేరు బదులు పొడి అక్షరాలు. స్కోరు చూసి ‘నీకు ఆందోళన ఎక్కువ’ అని ఆ మనిషితో అనకండి. బడిలో ఒక్కసారి చేసిన పరీక్ష నిర్ధారణ కాదు.

కేస్ ప్రొఫైల్‌కి సంక్షోభంలో ఉన్న మనిషిని ఎంచుకోకండి. వాళ్లను మీరు ఆదుకోలేరు, మీ ప్రశ్నలు గాయాన్ని రేపొచ్చు. ఒక కష్టాన్ని దాటినవాళ్లు, లేదా ఏదైనా విద్యలో రాణిస్తున్నవాళ్లు మంచి ఎంపిక. మైనరైతే తల్లిదండ్రుల ఒప్పుకోలు రాతలో తీసుకోండి. ముప్పావుగంట చొప్పున రెండు మూడుసార్లు కూర్చుంటే చాలు. రాసేటప్పుడు ‘ఆమె చాలా ధైర్యవంతురాలు’ అని విశేషణం పెట్టి వదిలేస్తే అది మీ అభిప్రాయం. ‘ప్రమాదం జరిగిన నాలుగో నెలలో కర్ర సాయంతో ఒంటరిగా బస్సెక్కడం మొదలుపెట్టానని చెప్పింది’ అని రాస్తే అది సమాచారం.

పేపర్

ఈమధ్య ఏళ్ల నమూనా పేపర్లలో ఒక్క మార్కువి 14, రెండు మార్కులవి 5, మూడువి 4, నాలుగువి 4, ఆరువి 2, చివర రెండు కేసుల మీద ఆరు మార్కులు. పదాల పరిమితి రెండు, మూడు, నాలుగు, ఆరు మార్కులవాటికి వరుసగా 30, 60, 120, 200. కాలం మూడు గంటలు. ఒక్క మార్కువాటికి 20 నిమిషాలు, రెండువాటికి 20, మూడువాటికి 28, నాలుగువాటికి 40, ఆరువాటికి 36, కేసులకు 15 పెట్టుకుంటే 159 అవుతుంది. మిగిలిన 21 నిమిషాలు సరిచూసుకోవడానికి. మొదట్లో ఉత్సాహంగా రెండు మార్కుల ప్రశ్నకు పేజీ నింపి, చివరి కేసుల దగ్గర చెయ్యి వణికేవాళ్లను చూసి చెబుతున్న లెక్క ఇది. ఏటా డిసెంబరులోపు ఆ ఏటి నమూనా పేపరు ఒక్కసారైనా గడియారం పెట్టుకుని రాయండి.

మూడు, నాలుగు మార్కుల జవాబుకు కొలత ఇది: మొదటి వాక్యంలో నిర్వచనం, తరువాత అడిగిన అంశాలు, ఒక్కోదానికి ఒక ఉదాహరణ, సిద్ధాంతం ఎవరిదైతే వాళ్ల పేరు. ‘తేడా రాయండి’ అంటే రెండిటినీ విడివిడిగా వర్ణించి ఊరుకోకూడదు. ఏ అంశంలో తేడా అన్నది ముందు రాసి, ఆ అంశం మీద రెండిటినీ ఎదురెదురుగా పెట్టాలి.

కేసు ప్రశ్నల్లో జవాబుకు ఆధారం కేసులోనే ఉంటుంది. ఒక మహిళకు రాత్రి పడుకున్నాక గ్యాస్ ఆపానో లేదోనని పదేపదే అనుమానం వచ్చి, లేచి పదిసార్లు చూసి వస్తుంది. ఇది అనవసరమని తనకూ తెలుసు, ఆపుకోలేదు. పొద్దున పనికి వెళ్లడం ఆలస్యమవుతోంది. ఇలా ఇస్తే ‘ఆమెకు ఆందోళన’ అని రాస్తే మార్కు రాదు. అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ (ఓసీడీ) అని పేరు రాయాలి. పదేపదే వచ్చే అనుమానం అబ్సెషన్ అనీ, లేచి చూడటం కంపల్షన్ అనీ కేసులోని ముక్కలను ఎత్తి చూపాలి. అనవసరమని తెలిసినా ఆపుకోలేకపోవడం, పనికి ఆలస్యం కావడం కూడా ఆధారాలుగా చేర్చాలి. అడగని చికిత్స గురించి రాయనక్కరలేదు. అడిగితే ఐదో అధ్యాయం నుంచి ఒక పద్ధతి పేరు, అది ఈ మనిషి విషయంలో ఏం చేస్తుందన్నది ఒక వాక్యం రాస్తే సరిపోతుంది.